మా వోడు ముద్ద చూస్తే పరిగెత్తుతాండాడు, ఏం చేయల్ల?

కొత్తగా వచ్చిన అమ్మ, డాలస్:

అక్కలకూ అన్నలకూ నమస్తే. మాది గుత్తి పక్కన పల్లె, అనంతపురం జిల్లా. ఈడికొచ్చి మూడు నెలలాయ. మా వోనికి ఇరవై నెలలు. ఊర్లో ఉన్నెప్పుడు మా అత్తమ్మ చంకనేసుకోని కోడిని చూపిచ్చి, ఆర్టీసీ బస్సు చూపిచ్చి ఎట్లో ఒక గిన్నె తినిపిచ్చేది. ఈ అపార్ట్‌మెంట్‌లో కోడీ లేదు, బస్సూ లేదు. ఫోన్ పెడ్తే నాలుగు ముద్దలు పోతాయి, లేకుంటే నోరు బిగబట్టుకుంటాడు, ఒక్కో పూటకీ గంటన్నర నేను గిన్నె పట్టుకోని వాని ఎనక తిరగల్ల. పాలు మాత్రం ఎన్నిచ్చినా తాగుతాడు. వీడియో కాల్ చేస్తే చాలు, పిల్లోడు చిక్కిపోయినాడే అంటారు, నాకు ఏడుపొస్తాది. మా వాళ్ళు ఆకలి టానిక్ పంపిస్తామంటాండారు, వేయొచ్చా?

తాడిపత్రి అక్క:

చెల్లీ, ముందు గిన్నె కింద పెట్టు. నిజంగా చెప్తాండా, ఎనక తిరగడం మానేయ్. నేనూ తొమ్మిదేండ్ల కింద మా పాపకు ఇట్లే బాల్కనీలో నిలబెట్టి కింద పార్కింగ్‌లో కార్లు లెక్కబెట్టిచ్చి తినిపిచ్చినదాన్నే, అది కార్లు చూసుకుంటా నోరు తెరిచేది గానీ ఏం తింటాందో దానికే తెల్దు.

నీ మెసేజ్‌లో అసలు విషయం నువ్వే రాసినావు, పాలు ఎన్నిచ్చినా తాగుతాడని. రోజుకెన్ని ఇస్తాండావో ఒకసారి లెక్కబెట్టు. మా పాప చెకప్‌కి పోతే డాక్టరమ్మ అన్నం గురించి ఒక్క మాట అడగలేదు, పాలెన్ని అని అడిగింది, నేను గొప్పగా ఆరు బాటిళ్ళు అని చెప్పినా! ఆమె మొహం చూసి భయమేసింది. రక్తం పరీక్ష చేస్తే ఐరన్ తక్కువ. ఆవుపాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, ఎక్కువ తాగితే కడుపు నిండిపోయి అన్నానికి చోటుండదు, ఇంకా తిన్నదాంట్లో ఉండే ఐరన్ కూడా సరిగ్గా ఒంటికి పట్టదు. ఈడి పిల్లల డాక్టర్లు ఏడాది నుంచి రెండేండ్ల లోపు పిల్లోళ్ళకి రోజుకి 16 నుంచి 24 ఔన్సులు చాలంటారు, అంటే మన లెక్కలో సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు లోపల. హోల్ మిల్కే, అంటే వెన్న తీయని పాలు, నీళ్ళ పాలు కాదు. బాటిల్ తీసేసి కప్పులో పోయి, అదీ అన్నం తిన్నాక. జ్యూస్ కూడా అంతే, ఈ వయసుకి రోజుకి 4 ఔన్సులు దాటొద్దంటారు, అసలియ్యకున్నా ఏం కాదు.

ఇంగ చిక్కిపోయినాడు అనే మాట. పుట్టినెప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలైతాడు. అదే రెండో ఏడంతా కలిపి రెండు, రెండున్నర కిలోలే పెరుగుతాడు. పెరుగుడు తగ్గింది కాబట్టి ఆకలీ తగ్గుతాది, పైగా నడక వచ్చి బుగ్గలు కరుగుతాయి. ఈ సంగతి ఫోన్‌లో అవ్వలకి చెప్తే వింటారా, వినరు. మా అత్తమ్మ ఆరు నెలలకని వొచ్చి, వారం దినాలు దిష్టే తీసింది. ఎండుమిరపకాయలు స్టవ్ మీద వేసినప్పుడు స్మోక్ అలారం మోగి పక్కింటోళ్ళందరూ మెట్ల మీదికొచ్చిరి. (ఇది నువ్వు చేయొద్దు, చేస్తే బయట చెయ్యి.) నువ్వు డాక్టర్ దగ్గర గ్రోత్ చార్ట్, అదే బరువు, ఎత్తు ఎట్ల పెరుగుతాండాయో గీత గీసిన కాగితం, ప్రింట్ అడిగి తీసుకో. వాని గీత వాని దోవలో పోతాంటే ఆ కాగితం కెమెరా ముందర పెట్టు, అదే నీ జవాబు.

నేను పాటించింది ఒకటే. ఎలెన్ శాటర్ అని పిల్లల తిండి మీద పనిచేసినామె చెప్పిన పద్ధతి అది. ఏం పెట్టల్ల, ఎప్పుడు పెట్టల్ల, యాడ పెట్టల్ల అనేది మనం చూసుకుంటాం, తినల్లా వద్దా, ఎంత తినల్ల అనేది పిల్లోడు చూసుకుంటాడు. మూడు పూటలూ మధ్యలో రెండు చిరుతిండ్లు, ఒకదానికీ ఇంకోదానికీ రెండు మూడు గంటల గ్యాప్, ఆ గ్యాప్‌లో నీళ్ళు తప్ప ఏం లేదు, బిస్కెట్ ముక్క కూడా. హై చైర్‌లో మనతోపాటే కూచోబెట్టు, కాళ్ళు వేలాడకుండా కింద ఆనించు. టీవీ, ఫోన్ బంద్. పావుగంట, ఇరవై నిమిషాలకి లేచిపోతే పోనీ, ప్లేట్ తీసేయ్, మొహం మాడ్చుకోవద్దు, బతిమాలొద్దు. మొదటి నాలుగు రోజులు శానా కష్టం, అబద్ధం చెప్పను, మా పాప రెండో రోజు రాత్రి రెండు ముక్కల అరటిపండుతో పండుకుంది, నేను నిద్రపోలా. ఐదో రోజు నా ప్లేట్‌లో చెయ్యి పెట్టింది.

మన తిండి దీనికి బాగా పనికొస్తాది చెల్లీ. ఉగ్గాని మెత్తగా, కారం లేకుండా చేసి ముందర పెడ్తే వాడే ఏరుకోని తింటాడు. సంగటి గోళీ అంత ముద్దలు చేసి నెయ్యి అద్ది, పక్కన పాలకూర పప్పు చిన్న గిన్నెలో పెట్టి ముంచుకొమ్మను, పప్పులో నిమ్మకాయ పిండు, ఐరన్ ఒంటికి పట్టడానికి పులుపు సాయం చేస్తాది. రాగులు కాల్షియానికి మంచివి, ఐరన్‌కి పప్పు, ఆకుకూర, గుడ్డు, కోడి ముక్క కూడా కావల్ల. కొత్తది ఒకసారి ఉమ్మేస్తే వదిలేయొద్దు, పది పదిహేనుసార్లు చూసినాక గానీ కొన్ని నోట్లో పెట్టరు. చెనిక్కాయ గింజలు, నిండు ద్రాక్ష మాత్రం నాలుగేండ్లు దాటేదాకా ఇయ్యొద్దు, గొంతులో పడ్తాయి. చెనిక్కాయ ఇయ్యల్లంటే మెత్తగా నూరి పప్పులో కలుపు.

టానిక్ వద్దు. మన దగ్గర ఆకలికని ఇచ్చే కొన్ని సిరప్‌లలో సిప్రోహెప్టడిన్ ఉంటాది, అది అలెర్జీ మందు, మత్తుగా నిద్రొస్తాది, ఈడైతే డాక్టర్ రాస్తేనే ఇస్తారు. ఐరన్ చుక్కలు కూడా అంతే, పరీక్ష చేయకుండా సొంతంగా వేయొద్దు. ఐరన్ మందు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, అందనంత ఎత్తులో పెట్టల్ల.

కడప అన్న, న్యూజెర్సీ:

అక్క అంతా చెప్పేసింది, నాది రెండు మాటలు. డేకేర్‌లో వేస్తే మాత్రం చెనిక్కాయ పొడి చల్లిన కారం దోసె డబ్బాలో పంపొద్దు తల్లీ, శానా చోట్ల నట్స్ బంద్, నేను మొదటి వారమే ఫోన్ చేయిచ్చుకున్నా. ఇంట్లో ముద్దకు నోరు తెరవని మా వోడు డేకేర్‌లో ఉండే పిల్లోళ్ళను చూసి సొంతంగా తినేసినాడు, అది చూసి మా ఇంటామెకి కోపమొచ్చింది, సంతోషం కాదు!

కొత్తగా వచ్చిన అమ్మ:

అక్కా, లెక్కబెట్టినా. బాటిల్ 8 ఔన్సులు, రోజుకి ఐదు ఇస్తాండా. సిగ్గేసింది. రాత్రి లేచినెప్పుడు రెండు ఇస్తా, అవి ఎట్ల మాన్పిచ్చల్ల? ఇంకోటి, వాడు మెత్తగా మిక్సీ పట్టిందే మింగుతాడు, అన్నం మెతుకు తగిలితే ఓక్ అంటాడు, కొన్నిసార్లు కక్కుతాడు. ఇదీ మామూలేనా?

తాడిపత్రి అక్క:

సిగ్గెందుకు, నాది ఆరు. రాత్రివి ఒక్కసారిగా తీసేయొద్దు, రెండు రోజులకొకసారి ఒక ఔన్సు తగ్గిచ్చుకుంటా రా, ఆఖరికి నీళ్ళు ఇయ్యి. పాలబాటిల్‌తో నిద్రపోతే నోట్లో పండ్లు కూడా పాడైతాయి.

రెండోది మాత్రం నేను రాసిన పెద్ద మెసేజ్‌తో తీరేది కాదు. ఇరవై నెలలకి మెతుకు కూడా పట్టకపోతే చూపియ్యల్ల. ప్రతి పూటా దగ్గు, వాంతి, బరువు గీత కిందికి దిగడం, ముందర తిన్నవి ఒక్కోటీ మానేయడం, వీటికి ఆగొద్దు. మీ టెక్సాస్‌లో ఈసీఐ అని ఉంటాది, ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్, ఎదుగుదలలో ఇబ్బంది ఉండే మూడేండ్ల లోపు పిల్లలకి సాయం చేసే సర్కారు కార్యక్రమం. డాక్టర్ చీటీ లేకున్నా నువ్వే ఫోన్ చేయొచ్చు, పరీక్ష చేసేదానికి డబ్బులు తీసుకోరు, ఇంగ్లీష్ ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడుగు. మూడు దాటితే స్కూల్ డిస్ట్రిక్ట్ చేతికి పోతాది, అందుకని లేట్ చేయొద్దు. పిల్లల డాక్టర్‌కి కూడా రేపే ఫోన్ చేసి పాల లెక్క, ఈ కక్కుడు రెండూ చెప్పు, హిమోగ్లోబిన్ చూడమని అడుగు. అప్పటిదాకా మిక్సీ ఒక్కసారిగా మానొద్దు, పప్పుగుత్తితో మెదిపి కొంచెం కొంచెం గరుకు చెయ్యి. ఫోన్ దొరక్కపోతే సాయంత్రం ఆరు దాటినాక నాకు చెయ్యి, ఇద్దరం కలిసి లైన్‌లో ఉందాం.