చిన్న చెరువులో గాలం వేయడానికి ఏ కాలం మంచిది? ఎవరిని అడగాలి?

ప్రశ్న: మత్తడిగట్టు

మిత్రులకు నమస్కారం. జనగామ వైపు మా ఊరి చెరువు పెద్దదేమీ కాదు. నిండిన ఏడాది 40 ఎకరాల దాకా నీరు పరుచుకుంటుంది గాని, ఏప్రిల్ నెలాఖరుకు తూము ముందర ఒక మడుగు తప్ప మిగిలినదంతా నెర్రెలు విచ్చిన నేలే. చిన్నప్పుడు మా మేనమామతో కట్ట మీద కూర్చుని వెదురు కర్రకు దారం కట్టి పరికెలు, జెల్లలు అనే చిన్న చేపలు పట్టిన అనుభవం ఉంది. ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నందువల్ల ఆ అలవాటు పూర్తిగా పోయింది. ఈ ఏడు మా అబ్బాయికి నేర్పాలని గత ఆగస్టులో రెండు ఆదివారాలు వెళ్ళి పొద్దంతా కూర్చున్నాను. ఎర్రటి బురద నీళ్ళలో దారానికి కట్టిన బెండు ఒక్కసారి కూడా మునగలేదు.

నా సందేహాలు మూడు. ఇలా ఏటా ఎండిపోయే చెరువులో గాలానికి చేప బాగా పడే నెలలు ఏవి? అప్పట్లో పుష్కలంగా ఉన్న నాటు చేపలు ఇప్పుడు ఎందుకు కనబడడం లేదు? చెరువు మత్స్య సహకార సంఘం చేతిలో ఉన్నప్పుడు సరదాకు గాలం వేసేవాడు ఎవరి అనుమతి తీసుకోవాలి?

జవాబు: తెప్పకాడు

మత్తడిగట్టు గారూ, నేను సిద్దిపేట వైపు ఒక సంఘంలో సభ్యుణ్ణి కాబట్టి మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. చెరువు లీజు సంఘానిదైతే అందులోని చేప మీద హక్కు కూడా సంఘానిదే. అది మేము వదిలిన బొచ్చె అయినా, దానంతట అది పుట్టిన పరికె అయినా ఒకటే. అయితే గాలంతో నాలుగు పరికెలు, రెండు జెల్లలు పట్టుకునేవారిని మా ఊళ్ళో ఎవరూ ఆపరు. ముందుగా సంఘం అధ్యక్షుణ్ణి కలిసి ఒక్క మాట చెప్పండి, మేము వదిలి పెంచే చేపలు, అంటే బంగారు తీగ గాని రవ్వ గాని పడితే తిరిగి వదిలేస్తానని కూడా చెప్పండి. చెప్పకుండా వచ్చి కూర్చున్నవారితోనే పేచీ వస్తుంది.

ఈ విషయంలో మేము ఎందుకంత పట్టుదలగా ఉంటామో కూడా తెలియాలి. మీ చెరువు లాంటి వాటిలో మాకు దొరికేది నిండా ఏడెనిమిది నెలల నీరు మాత్రమే. 2016 నుంచి తెలంగాణలో ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను ఇస్తున్నది గాని, ఎండిపోయే చెరువులకు వచ్చేవి 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలే, అంటే చిటికెన వేలంత కూడా ఉండవు. ఆక్సిజన్ నింపిన సంచులను పావుగంట నీళ్ళ మీద తేలనిచ్చి, లోపలి నీరు, చెరువు నీరు ఒకే వేడికి వచ్చాక మూతి విప్పి వదులుతాము. అప్పటికే మడుగులో బతికి ఉన్న కొర్రమీను, వాలుగ వాటిలో కొన్నింటిని మింగేస్తాయి; చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పొర్లిపోయే చోటు) దూకితే జాలీ కట్టినా కొన్ని కిందికి కొట్టుకుపోతాయి. మిగిలినవి కిలో తూగాలంటే నీరు నిలవాలి. యాసంగి (రబీ) వరికి తూము తెరిస్తే నీరు దిగుతుంది, అక్కడ రైతుకు, మాకు మధ్య ఏటా ఒక పంచాయితీ తప్పదు. చివరికి మార్చి, ఏప్రిల్ నెలల్లో చుట్టుపక్కల చెరువులన్నీ ఒకేసారి వల వేయడంతో ధర పడిపోతుంది. జూన్‌లో మృగశిర కార్తె రోజున చేపకు మంచి గిరాకీ ఉంటుంది గాని, ఆనాటికి మా చెరువులో అమ్మడానికి చేప కాదు గదా, కాలు కడుక్కోవడానికి నీరు కూడా ఉండదు.

అందుచేత ఫిబ్రవరి దాటాక మాత్రం గాలం వేయడానికి రావద్దు. నీరు తగ్గి చేపలన్నీ ఒకచోట చేరుతాయి కాబట్టి ఆ రోజుల్లో చేప బాగా పడుతుందన్నది నిజమే. కానీ పడేది మేము ఆరు నెలలుగా కాపాడుకున్న చేప.

జవాబు: జీలుగుబెండు

తెప్పకాడు గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. నా అనుభవంలో దసరా నుంచి కార్తీక మాసం చివరి వరకు గాలానికి మించిన కాలం లేదు. ఆగస్టులో మీకు చేప పడకపోవడంలో ఆశ్చర్యం లేదు: కొత్త నీరు బురదగా ఉంటుంది, చేప ఎరను చూడలేదు, పైగా అప్పుడే మునిగిన గడ్డిలో దానికి పురుగూ పుట్రా కావలసినంత దొరుకుతుంది. అక్టోబరుకు నీరు తేరుకుంటుంది. పొద్దు పొడిచిన తరువాత ఒక గంట, సాయంత్రం కట్ట నీడ నీళ్ళ మీద పడిన తరువాత ఒక గంట కూర్చుంటే చాలు. చలి ముదిరాక చేపకు ఆకలి మందగిస్తుంది.

సరంజామాకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పరికెకు అతి చిన్న గాలం, శనగ గింజంత గోధుమ పిండి ముద్ద. జెల్లకు ఎర్రలు (వానపాములు) కావాలి, ఎర అడుగుకు దిగేలా చిన్న సీసపు గుండు కట్టాలి. బెండుగా నేను నెమలి ఈక కాడనే వాడతాను. పరికె వచ్చి పొడిచినప్పుడు అది టపటపా వణుకుతుంది, అప్పుడు లాగితే ఉత్త గాలమే వస్తుంది. జెల్ల అయితే బెండును పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది, ఒక్క క్షణం ఆగి మణికట్టుతో ఎత్తాలి. ఈ తేడా మీ అబ్బాయి చేతికి తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది, మీరు మధ్యలో కర్ర లాక్కోకండి.

జెల్లను విడిపించేటప్పుడు వీపు మీది ముల్లు, రెండు పక్కల ముళ్ళు చూసుకోవాలి. గుచ్చుకుంటే గంటల తరబడి సలుపుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెడితే ఉపశమనం కలుగుతుంది. మరొక హెచ్చరిక: పూడిక మట్టి తీసిన చెరువుల్లో ఎక్కడ గొయ్యి ఉందో పైకి తెలియదు. చిక్కుకున్న దారం కోసం పిల్లవాణ్ణి నీళ్ళలోకి దిగనివ్వవద్దు, దారం తెంపేయండి.

జవాబు: పాఠాలపంతులు

రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి జంతుశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా కొంత రాస్తున్నాను. బొచ్చె, రవ్వ, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీరు కావాలి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఇలాంటి చేపలచేత గుడ్లు పెట్టించిన తరువాతనే చెరువులకు పిల్లలను కావలసినంత తయారుచేయడం సాధ్యమయింది. నాటు చేపల సంగతి వేరు. అవి తొలకరిలో వాగుకు ఎదురెక్కి, గడ్డి మునిగిన మెరకల్లో గుడ్లు పెట్టి, చెరువుకు తిరిగి వస్తాయి. వాగు మీద అడ్డుకట్టలు, ఎదురెక్కే చేపను కాలువలోనే మావులు (చేపల ఉచ్చులు) పెట్టి పట్టేయడం, పొలాల నుంచి దిగే పురుగుమందులు, ఇవన్నీ ఆ దారిని దెబ్బతీశాయి. దీనికి తోడు జిలేబీ (తిలాపియా) చేప చేరింది. అది పిల్లలను నోట్లో దాచి కాపాడుకుంటూ ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెడుతుంది, తిండికి అన్నింటితోనూ పోటీ పడుతుంది. మీ గాలానికి జిలేబీ పడితే మాత్రం దయచేసి తిరిగి వదలకండి, ఇంటికి తీసుకుపోండి.

కొర్రమీను విషయంలో తెప్పకాడు గారితో నాకు చిన్న భేదం ఉంది. అది పిల్లలను మింగుతుందన్నది నిజమే గాని, మడుగులో నీరు కుళ్ళిన మే నెలలో కూడా పైకి వచ్చి గాలి పీల్చుకుని బతకగలిగేవి అదీ, మార్పు చేప లాంటి కొన్నీ తప్ప మరేమున్నాయి? వానాకాలంలో గట్టు వారన నీళ్ళ మీద నారింజ రంగు పిల్లల గుంపు ఒక ముద్దగా కదులుతూ కనిపిస్తే, వాటి కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. దగ్గరికి ఏది వచ్చినా అవి మీద పడతాయి కనుక ఆ సమయంలో వాటిని పట్టడం చాలా సులువు. పట్టిన మరునాటికి ఆ పిల్లలలో చాలావరకు ఇతర చేపల పాలవుతాయి.

ప్రశ్నకర్త: మత్తడిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. పంతులు గారు చెప్పిన ఆ ఎర్రటి ముద్ద నాకు బాగా గుర్తుంది. దాని పక్కన కప్పపిల్లను ఆడించి మా మేనమామ కొర్రమీనును లాగినప్పుడు నేను పక్కనే ఉండి చప్పట్లు కొట్టాను, ఆ పిల్లలు ఏమయ్యాయని అప్పుడు ఆలోచించలేదు. దసరా సెలవుల్లో ముందు సంఘం అధ్యక్షుణ్ణి కలిసి, తరువాత కట్ట ఎక్కుతాము. నెమలి ఈక మా ఇంట్లో పాత పుస్తకంలో ఒకటి ఉండాలి. ఎర్రలు ఆ కాలంలో ఎక్కడ తవ్వితే దొరుకుతాయో జీలుగుబెండు గారు చెప్పగలరా?

జవాబు: జీలుగుబెండు

పశువుల కొట్టం వెనక పేడ కుప్ప అంచున, లేదా అంట్లు కడిగిన నీరు పారే అరటి పాదులో జానెడు లోతు తవ్వండి. తడి మట్టితో సహా కొబ్బరి చిప్పలో వేసి నీడన ఉంచితే సాయంత్రం దాకా బతికి ఉంటాయి.