జులై యాత్ర: లాక్ సెయింట్ ఆన్ ప్రయాణానికి స్వచ్ఛంద సేవకులు కావాలి

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. ఈ వేసవి మన తెలుగు సంఘం వనభోజనాలకు బదులు లాక్ సెయింట్ ఆన్ యాత్రకు వెళ్లాలని కార్యవర్గం నిర్ణయించింది. కెనడాలోని మన ఎడ్మంటన్‌కు పడమరగా సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న సరస్సు అది. యేసు అమ్మమ్మ పునీత అన్నమ్మ పండుగ జులై 26న వస్తుంది. ఆ పండుగ వారంలో ఇక్కడి మూలవాసులైన క్రీ, నకోటా, డెనే, బ్లాక్‌ఫుట్, మెటీ కుటుంబాలు వేల సంఖ్యలో అక్కడికి చేరి గుడారాలు వేసుకుంటాయి. 1889 నుంచి సాగుతున్న యాత్ర ఇది. క్రైస్తవ గురువులు రాకముందు కూడా ఆ నీరు వారికి పవిత్రమే. నకోటాలు దాన్ని దేవుని సరస్సు అనేవారు.

ఎందుకు వెళ్తున్నామో ముందే చెప్పాలి. మన ప్రతి సభలోనూ ఇది ఆరో ఒప్పందపు భూమి, అంటే మూలవాసులు బ్రిటిష్ రాజ్యంతో ఒప్పందం చేసుకున్న నేల అని రెండు వాక్యాలు చదివి, జ్యోతి వెలిగించి, కార్యక్రమంలోకి వెళ్లిపోతాం. ఆ వాక్యాల్లోని మనుషుల పక్కన మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. ఈసారి కూర్చుందాం. రవాణా, వంట, పిల్లల బాధ్యత, పెద్దవాళ్లకు తోడు: ఈ నాలుగు పనులకు పేర్లు కావాలి.

సభ్యుడు, మిల్‌వుడ్స్:
కార్యదర్శి గారూ, ఒక సందేహం. మనది భాషా సంఘం. హిందువులం ఉన్నాం, ముస్లింలు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు. సంఘం డబ్బుతో ఒక మతం యాత్రకు బస్సు వేయడం సరైనదేనా? పిల్లలను నీటిలో దింపి ప్రార్థన చేయిస్తారా?

కార్యదర్శి:
అడిగినందుకు ధన్యవాదాలండి. బస్సు ఖర్చు వచ్చేవాళ్లే పంచుకుంటారు, సంఘం నిధి ముట్టుకోం. నీటిలో దిగడం, ధూపం తీసుకోవడం, పూజలో నిలబడడం ఎవరి ఇష్టం వారిది. ఒడ్డున కూర్చుని చూసినా గౌరవంగానే ఉంటుంది. పిల్లల విషయంలో తల్లిదండ్రుల మాటే చివరి మాట.

పిల్లల జట్టు అక్క:
నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను కాబట్టి నాది ఇంకో రకం ప్రశ్న. అక్కడ సేజ్ అనే సువాసన మొక్క ఆకు కాల్చి పొగను ఒంటికి తీసుకుంటారట. మా అమ్మ వింటే అది మన విశ్వాసం కాదంటుంది. ఆమెకు ఏమని చెప్పను?

సభ్యురాలు, ఆల్బర్టా అవెన్యూ:
అక్కా, నగరంలోనే సేక్రెడ్ హార్ట్ చర్చి ఉంది కదా, 1991లో దాన్ని మూలవాసుల విచారణగా, అంటే వాళ్ల పారిష్‌గా ప్రకటించారు. అక్కడ చూసింది చెబుతాను. గవ్వ చిప్పలో సేజ్ వెలిగిస్తారు, కొన్నిసార్లు స్వీట్‌గ్రాస్ అనే సువాసన గడ్డి కూడా. డేగ ఈకతో పొగను మెల్లగా విసురుతారు. ముందుకు వచ్చినవాళ్లు ఆ పొగను దోసిలితో తల మీదికి, కళ్లకు, నోటికి, గుండెకు తీసుకుంటారు. మంచి ఆలోచన రావాలని, మంచి చూడాలని, మంచి మాట్లాడాలని ప్రార్థన. ఆ తర్వాత జపమాల పట్టుకునే చేతులూ అవే. నా పక్కన నిలబడ్డ ముసలావిడ రెండింటినీ ఒకే సృష్టికర్తకు చేసింది, ఆమెకు మధ్యలో గోడ లేదు.

అమ్మగారికి ఒక్క మాట చెప్పండి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఎక్కడివి? పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు క్రీస్తును మన రాగాల్లో, మన తాళాల్లో పాడారు. వాటిని ఆమె పరాయివి అనరు కదా.

పిల్లల జట్టు అక్క:
అనదు. ఆదివారం ఉదయం నిద్ర లేచేది వాటితోనే. అడుగుతాను, ఒప్పుకుంటే తీసుకొస్తాను. పిల్లల జట్టులో నా పేరు రాసుకోండి.

యువజన జట్టు:
నమస్తే అంకుల్. నాకు చాలా ఇబ్బందిగా ఉంది, దాచను. మూలవాసుల పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి ఉంచిన రెసిడెన్షియల్ బడుల జ్ఞాపకంగా మా బడిలో ప్రతి సెప్టెంబరులో నారింజ చొక్కా వేసుకుంటాం. ఆ బడులను నడిపినవాళ్లలో చర్చిలే ఎక్కువ. పిల్లలను తల్లుల నుంచి లాక్కున్న చర్చి పండుగకు మనం ఎందుకు వెళ్లాలి? ఆ మూలవాసులైనా ఎందుకు వెళ్తున్నారు?

కార్యదర్శి:
బాబూ, ఈ ప్రశ్న నువ్వు అడిగినందుకు నాకు గర్వంగా ఉంది. ఇది తేలికగా దాటేసేది కాదు, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

నువ్వు చెప్పినదంతా నిజం. సుమారు 1,50,000 మంది పిల్లలు ఆ బడుల్లో పెరిగారు, వాళ్ల భాష నోట వస్తే దెబ్బలు పడేవి. ఈ యాత్రను మొదలుపెట్టిన ఒబ్లేట్ గురువులే (ఒబ్లేట్ అనేది ఒక కథోలిక గురువుల సభ) అలాంటి బడులను ఎన్నో నడిపారు. బయటి చట్టం కూడా తోడైంది. 1895లో మూలవాసుల మీద ఉన్న ఇండియన్ చట్టాన్ని సవరించి సూర్యనృత్యం వంటి వాళ్ల క్రతువులను అడ్డుకున్నారు, ఆ నిషేధం 1951 దాకా తొలగలేదు. అన్నేళ్లు బంధువులంతా ఒక్కచోట కలిసి, పెళ్లి మాటలు మాట్లాడుకుని, అమ్మమ్మ పక్కన పడుకోవడానికి మిగిలిన కొద్ది తావుల్లో ఈ సరస్సు ఒడ్డు ఒకటి. పైకి అది చర్చి యాత్ర. లోపల అది వాళ్ల సరస్సు, వాళ్ల నీరు, వాళ్ల అమ్మమ్మలు. పునీత అన్నమ్మను వాళ్లు అంత దగ్గరగా తీసుకోవడానికి కారణం కూడా అదేనని నా నమ్మకం. అమ్మమ్మకు పెద్దపీట వేసే జనం ఆమెను చర్చి ఇచ్చిన బొమ్మగా చూడలేదు, ఇంట్లో మనిషిగా చేర్చుకున్నారు.

క్షమాపణ మాట కూడా అక్కడే వినబడింది. 1991 జులైలో ఒబ్లేట్ సభ తరఫున ఆ యాత్రలోనే, వేల మంది ముందు, బడుల విషయంలో క్షమాపణ చెప్పారు. 2022 జులై 25న పోపు ఫ్రాన్సిస్ ఎడ్మంటన్‌కు దక్షిణంగా క్రీ జనం ఉండే మస్క్వాచీస్‌లో క్షమాపణ కోరి, మర్నాడు ఈ సరస్సుకు వచ్చారు. మూలవాసుల పద్ధతిలో నాలుగు దిక్కులకూ తిరిగి నీటిని దీవించారు. అవి చాలలేదన్నవాళ్లు చాలామంది ఉన్నారు. చర్చి గడప తొక్కబోమని పూర్తిగా తమ క్రతువులకే తిరిగి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ నిర్ణయం కూడా అంతే గౌరవించదగ్గది. రెండింటినీ కలిపి పట్టుకున్నవాళ్లను మోసపోయినవాళ్లుగా మాత్రం చూడకు. తమ నుంచి తీసుకున్న దేవుణ్ణి తమ పొగతో, తమ డప్పుతో మళ్లీ తమవాడిగా చేసుకున్నారు. మనం వెళ్లేది చర్చిని మెచ్చుకోవడానికి కాదు, ఆ మనుషుల పక్కన నిలబడడానికి. ఇంత చదివాక కూడా రావద్దనిపిస్తే, రాకు. నాకు నీ మీద గౌరవం తగ్గదు.

యువజన జట్టు:
వస్తాను అంకుల్. బస్సులో వెళ్లేటప్పుడు ఈ చరిత్ర చిన్నపిల్లలకు నేను చెప్పవచ్చా? చదువుకుని వస్తాను.

కార్యదర్శి:
తప్పకుండా. ఇప్పుడు పనులు. అక్కడి పెద్దలను ఏదైనా చెప్పమని అడగాలంటే ముందుగా పొగాకు సమర్పించి అడగడం ఆచారం. గుడ్డలో మూట కట్టి ఇస్తారు. ఇది ఎవరు తెస్తారు? ధూపం, డప్పు, ప్రార్థన జరిగేటప్పుడు ఫోటోలు, వీడియోలు వద్దు. మన పేజీలో పెట్టడానికి బస్సు దగ్గర తీసుకున్నవి చాలు. మద్యం సంగతి చెప్పనవసరం లేదు. మరొకటి: వేసవిలో ఆ సరస్సులో నీలి ఆకుపచ్చ నాచు పెరిగి, నీటిలో దిగవద్దని ఆరోగ్య శాఖ హెచ్చరించే రోజులుంటాయి. ముందు రోజు సాయంత్రం ఎవరైనా చూసి ఇక్కడ రాయాలి.

రవాణా జట్టు:
నాచు హెచ్చరిక చూసే పని నాది. పొగాకు కూడా నేనే తెస్తాను. యాత్ర కార్యక్రమం ప్రకటించగానే రోజు ఖాయం చేసి బస్సు మాట్లాడతాను.

వంటల జట్టు:
పులిహోర, దద్దోజనం మనకు సరిపోతాయి. గుడారాల్లో ఉన్న పెద్దవాళ్లకు కూడా టీ, కాస్త తీపి ఇవ్వాలని ఉంది. పిలవని చోట పంచిపెట్టడం నాకు నచ్చదు, కాబట్టి ముందు నిర్వాహకులను అడిగి చెప్పండి. వాళ్లు సరేనంటే కొబ్బరి లడ్డూలు చేస్తాను. నేతివి వద్దు, ఎండకు కరిగిపోతాయి.

కార్యదర్శి:
రేపే అడుగుతానమ్మా.

సభ్యురాలు, సెయింట్ ఆల్బర్ట్:
మా అత్తగారు గుణదలకు ప్రతి ఫిబ్రవరిలో వెళ్లేవారు. ఇప్పుడు వీల్‌చైర్‌లో ఉన్నారు, ఈ యాత్ర మాట విన్నప్పటి నుంచి వస్తానంటున్నారు. బస్సు ఎక్కలేరు. ఎవరి కారులోనైనా చోటు ఉంటుందా?

రవాణా జట్టు:
మా వ్యానులో వీల్‌చైర్ పడుతుందండి. ఉదయం ఏడు గంటలకు మీ ఇంటికే వస్తాను, మీరూ ఆమెతో పాటే కూర్చోండి. మెట్లు ఎన్ని ఉన్నాయో రాసి పెట్టండి, చెక్క పలక తెస్తాను.