హిమాచల్‌లోని ధర్మశాల ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఒక్కదాన్నే వెళ్ళొచ్చా? వెళ్ళినవాళ్ళు చెప్పండి

మున్నేటి ఒడ్డు:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం, బ్యాంకులో పని చేస్తాను, వయసు 36. సినిమా రంగంతో నాకు ఏ సంబంధమూ లేదు, తీయాలనీ రాయాలనీ లేదు, చూడడం మాత్రం ప్రాణం.

2024లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి అనే పెద్ద బహుమతి గెలుచుకున్న పాయల్ కపాడియా సినిమా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' ఆ నవంబర్‌లో థియేటర్లకి వచ్చింది కదా, మన రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా దేశమంతా విడుదల చేసింది. దాని కోసం బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళాను. హాల్లో మొత్తం పదకొండు మందిమి. సినిమా అయ్యాక పదిమందీ పది దారుల్లో వెళ్ళిపోయారు, నాకేమో ఎవరితోనైనా కూర్చుని ఆ ఆసుపత్రి నర్సుల గురించి మాట్లాడాలని ఉంది, గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. రాత్రి బస్సులో నాలుగు గంటలు ఒక్కదాన్నే దాని గురించి ఆలోచిస్తూ వచ్చాను. తర్వాత తెలిసింది, ఆ ఏడాది ధర్మశాల ఫెస్టివల్ ఆ సినిమాతోనే మొదలైందట. అప్పటినుంచీ ఒకసారి వెళ్ళాలని మనసులో ఉంది.

నా సందేహాలు ఇవి. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి ఇబ్బంది ఉంటుందా? హిందీ అర్థమవుతుంది కానీ గడగడా మాట్లాడలేను. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్ళు వేగంగా పోతే అందుకోగలనా? అక్కడికొచ్చే వాళ్ళందరూ డైరెక్టర్లూ ఫిల్మ్ స్కూల్ వాళ్ళూ అయితే నేను ఏ మూలన కూర్చోవాలి? సెలవులు రానూపోనూ కలిపి తొమ్మిది రోజులు అవుతాయి, పిల్లాడిని అమ్మ దగ్గర వదలాలి. "సినిమా చూడడానికి అంత దూరమెందుకే" అంటోంది అమ్మ. ఆమెకి ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

వెన్నెల వాకిలి:
అక్కా, నేను 2022లో ఒకసారి, 2024లో ఒకసారి వెళ్ళాను, రెండుసార్లూ ఒక్కదాన్నే. నిశ్చింతగా వెళ్ళండి.

ముందు ఆ పండుగ ఎలాంటిదో చెప్తాను, దానితోనే మీ భయం సగం పోతుంది. 2012లో రీతూ సరీన్, తెంజింగ్ సోనమ్ అనే భార్యాభర్తలు మొదలుపెట్టారు. ఇద్దరూ ఆ ఊళ్ళోనే ఉండే డాక్యుమెంటరీ దర్శకులు. పోటీ లేదు, బహుమతులు లేవు. అందుకే ఎవరి సినిమా గెలుస్తుంది, జ్యూరీ ఎవరు అనే మాటే అక్కడ వినపడదు. నాలుగు రోజులు, సాధారణంగా దీపావళి దరిదాపుల్లో, 2025లో అయితే అక్టోబర్ 30 నుంచి నవంబర్ 2 వరకు జరిగింది. కరోనా వచ్చిన రెండేళ్ళూ ఆన్‌లైన్‌లోనే పెట్టారు.

జరిగే చోటు ధర్మశాల ఎగువ భాగమైన మెక్లియోడ్‌గంజ్ పైన ఉన్న టిబెటన్ పిల్లల బడి. టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అంటారు. 1960లో జమ్మూ వైపు టిబెటన్ శరణార్థుల రోడ్డు పనుల శిబిరాల నుంచి 51 మంది పిల్లలను తీసుకొస్తే దలైలామా అక్కగారు చూసుకోవడంతో మొదలైన బడి అది. ఆ బడి హాల్లోనే సినిమాలు వేస్తారు, చోటు చాలక గాలి నింపి నిలబెట్టే పెద్ద టెంట్ థియేటర్లు కూడా పెడతారు. బయటికి రాగానే ఎదురుగా ధౌలాధార్ కొండలు, కొనల మీద మంచు. ఊరు వదిలి వచ్చిన వాళ్ళ గురించి ఒక డాక్యుమెంటరీ చూసి బయటికొస్తే, మెట్ల మీద ఆ బడి పిల్లలు నవ్వుకుంటూ కూర్చుని ఉన్నారు. నాకు అక్కడే కళ్ళ నీళ్ళు వచ్చాయి. మన మల్టీప్లెక్స్‌లో చూసి ఉంటే ఆ సినిమా నన్ను అంత పట్టుకునేది కాదు. అమ్మకి ఈ మాటే చెప్పండి.

ఇక ప్రయాణం. ఖమ్మం మీదుగా ఢిల్లీ రైళ్ళు చాలా ఉన్నాయి. ఢిల్లీ నుంచి సాయంత్రం బయల్దేరే వోల్వోలు కశ్మీరీ గేట్ నుంచీ, మజ్ను కా టీలా అనే టిబెటన్ కాలనీ నుంచీ ఉంటాయి, పది పన్నెండు గంటల ప్రయాణం. చివర్లో అంతా ఘాట్ రోడ్డు, వాంతుల మాత్ర ముందే వేసుకోండి. విమానం అయితే ధర్మశాల దగ్గరి గగ్గల్ దాకా ఉంది కానీ వాతావరణం బాగాలేకపోతే రద్దు చేస్తారు, దాన్ని నమ్ముకుని సెలవు లెక్క వేసుకోకండి. రైలంటే పఠాన్‌కోట్‌లో దిగి మూడు గంటలకు పైగా రోడ్డు మీద వెళ్ళాలి.

బస విషయంలో మాత్రం నేను మోసపోయాను. మొదటిసారి బుక్ చేసిన గెస్ట్‌హౌస్ వాళ్ళు ఫోన్‌లో బడికి పది నిమిషాల నడక అన్నారు. తీరా వెళ్ళాక చూస్తే నిటారు ఎక్కుడు, నలభై నిమిషాలు పట్టింది, ఉదయం ఆట సగం పోయింది. మెక్లియోడ్‌గంజ్ బజారు నుంచి బడి మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి గదికి డబ్బు కట్టే ముందు మ్యాప్‌లో దూరం ఒక్కటే కాదు, ఎక్కుడు కూడా చూడండి. రాత్రి ఆఖరి ఆట అయ్యాక ఒంటరిగా నడవకండి. భయపడాల్సిన ఊరని కాదు, దారిలో వెలుతురు తక్కువ. నలుగురు కలిసి ట్యాక్సీ మాట్లాడుకుంటారు, "మీరు బజారు వైపేనా" అని అడిగితే చాలు, చోటు ఇస్తారు.

చలి గురించి తేలిగ్గా తీసుకోకండి. పగలు ఎండ హాయిగా ఉంటుంది, పొద్దు వాలగానే ఎముకలు కొరుకుతుంది. మన ఊరి స్వెటర్ ఒక్కటి చాలదు. లోపల థర్మల్, కాళ్ళకి ఉన్ని సాక్సులు, టెంట్‌లో కూర్చోవడానికి ఒక శాలువా ఉండాలి. తిండికి లోటు లేదు, వేడి వేడి తుక్పా (టిబెటన్ నూడుల్స్ సూప్) కడుపులో పడితే చలి పోతుంది. నేను అయితే చింతకాయ పచ్చడి డబ్బా వెంట తీసుకెళ్ళాను, మోమోలతో బ్రహ్మాండంగా ఉంది.

చివరి వరుస:
వెన్నెల గారు చెప్పినవన్నీ నిజమే కానీ, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను ధర్మశాల కంటే తిరువనంతపురంలో జరిగే కేరళ అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివలే చెప్తాను. కరోనా ఏళ్ళు తప్పిస్తే, పదేళ్ళుగా డిసెంబర్‌లో అక్కడికే వెళ్తున్నాను. మీ ఊరి మీదుగా పోయే కేరళ ఎక్స్‌ప్రెస్ ఒక వైపు ఢిల్లీకి పోతే ఇంకో వైపు నేరుగా తిరువనంతపురానికే పోతుంది, బస్సులు మారే పని లేదు, చలి లేదు. 1996 నుంచి జరుగుతోంది, నడిపేది కేరళ ప్రభుత్వ చలచిత్ర అకాడమీ, ఎనిమిది రోజులు ఉంటుంది. టాగోర్ థియేటర్, కైరళి, శ్రీ, నిళా, ఇంకా నిశాగంధి ఆరుబయట హాలు, అన్నీ ఊళ్ళోనే.

నేను ముఖ్యంగా చెప్పేది మీ మూడో ప్రశ్న గురించి. అక్కడికి పదివేల మందికి పైగా డెలిగేట్లు, అంటే పాస్ తీసుకున్న ప్రేక్షకులు, వస్తారు, వాళ్ళలో ఎక్కువ మంది మీలాంటి వాళ్ళే. టీచర్లు, గుమాస్తాలు, రిటైరైన వాళ్ళు, కాలేజీ పిల్లలు సెలవు పెట్టుకుని వస్తారు. ఇరాన్ సినిమాకో కొరియా సినిమాకో పొద్దున్న తొమ్మిదింటికి వందల మంది క్యూ కట్టడం చూస్తే, సినిమా చూడడం కూడా ఒక పనే, దానికి వేరే అర్హత అక్కర్లేదు అని మీకే అనిపిస్తుంది. పోటీ కూడా ఉంది, సువర్ణ చకోరం అంటారు. ప్రేక్షకులు ఓటు వేసి ఎంచుకునే సినిమాకి విడిగా ఒక బహుమతి ఉంటుంది. నేను ఓటు వేసిన సినిమా ఒకసారి గెలిచింది, ఆ సంతోషం ఇప్పటికీ ఉంది.

వెన్నెల వాకిలి:
చివరి వరుస గారూ, తిరువనంతపురం గొప్పదే, కాదనను. కానీ అక్క అడిగింది సినిమా అయ్యాక మాట్లాడే మనిషి గురించి. అంతమంది జనంలో అది కుదరడం కష్టం. ధర్మశాలలో పొద్దున సినిమా చూసిన వాళ్ళే మధ్యాహ్నం భోజనం దగ్గర మీ బల్ల మీద కూర్చుంటారు, ఒక్కోసారి ఆ సినిమా తీసిన మనిషి కూడా. నేను రెండు ఏళ్ళలోనూ స్నేహితులైన వాళ్ళతో ఇప్పటికీ మాట్లాడుతున్నాను.

నాలుగో రీలు:
నేను ఎడిటింగ్ చేస్తాను, హైదరాబాద్. ధర్మశాలకి ఒకసారి వెళ్ళాను. ప్రయాణం గురించి పైన బాగా చెప్పారు, నేను చూడడం గురించి చెప్తాను.

కాన్, వెనిస్ పేర్లున్న సినిమాల వెంట పడకండి. అవి ఆలస్యంగానైనా ముబీ లాంటి ఓటీటీలోనో ఇంకెక్కడో వస్తాయి. చిన్న డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్ములు, హిమాలయ ప్రాంతాల కుర్రాళ్ళు తీసిన సినిమాలు మాత్రం అక్కడ తప్పిపోతే మళ్ళీ దొరకవు. ఆ ప్రాంతాల కొత్త దర్శకులను ఎంచుకుని పెద్దవాళ్ళ చేత పాఠం చెప్పించే ఫెలోషిప్ కూడా ఆ పండుగ వాళ్ళు నడుపుతారు. లదాఖ్ నుంచో అరుణాచల్ నుంచో వచ్చిన ఒక అమ్మాయి తన ఊరి భాషలో తీసిన పదిహేను నిమిషాల సినిమా చూస్తున్నప్పుడు, మన ఆదిలాబాద్ గోండు ఊళ్ళ కథ, మన శ్రీకాకుళం వలస కూలీల కథ ఎవరు తీస్తారు, తీస్తే ఎక్కడ చూపిస్తారు అని నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. హైదరాబాద్‌లో లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల్లో అప్పుడప్పుడూ చూపిస్తారు, మంచి మాట. ఏటా ఒక తేదీకి, ఒక కొండ మీదికో ఒక చెరువు గట్టుకో అందరూ వచ్చి చేరే పండుగ మనకీ కావాలి. ఇక్కడ మాట పక్కకి పోయింది, క్షమించండి, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

సబ్‌టైటిళ్ళ గురించి: మొదటి రోజు తల నొప్పి వస్తుంది, రెండో రోజుకి కన్ను అలవాటు పడుతుంది. మధ్య వరుసల్లో కూర్చోండి, మరీ ముందు కూర్చుంటే అక్షరాల కోసం తల దించాలి, బొమ్మ పోతుంది. రోజుకి మూడే చూడండి. ఐదు చూస్తే రాత్రికి ఏది ఎందులోదో కలిసిపోతుంది. మొదటి అరగంటలో మనసు పట్టకపోతే చప్పుడు చేయకుండా లేచి రావడం తప్పేం కాదు, కానీ ప్రశ్నలు జవాబులు జరిగేటప్పుడు మాత్రం లేవకండి, ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉంటారు. పేరున్న సినిమా అయితే క్యూలో ముందుగా నిలబడాలి, ఆ ఏడాది పాస్ నియమాలు వెబ్‌సైట్‌లో చదువుకుని వెళ్ళండి.

మీరు కూడా ప్రశ్న అడగండి. సినిమావాళ్ళు లెన్స్ గురించి అడుగుతారు. బ్యాంకులో కౌంటర్ దగ్గర రోజూ వందమంది మొహాలు చూసే మనిషి అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది, దర్శకులకి అదే కావాలి. భాష తడబడినా ఫర్వాలేదు, అక్కడ సగం మందికి ఇంగ్లిష్ రెండో మూడో భాషే.

మున్నేటి ఒడ్డు:
మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాత్రి అమ్మకి వెన్నెల గారు రాసింది మొత్తం చదివి వినిపించాను. ఆ 51 మంది పిల్లల దగ్గర ఆపి, "ఇప్పుడు వాళ్ళు ఎంత పెద్దవాళ్ళు అయ్యుంటారో" అంది. తర్వాత కాసేపటికి, పిల్లాడిని నేను చూసుకుంటాలే, పోయిరా అంది.

చివరి వరుస గారూ, డిసెంబర్ మాకు ఆడిట్ సమయం, సెలవు దొరకదు, లేకపోతే మీ మాటే వినేదాన్ని. తొమ్మిది రోజుల సెలవుకి ఈ రోజే మేనేజర్ గారికి రాసిచ్చాను. వెన్నెల గారూ, గది విషయంలో ఒక్క మాట: బడికి దగ్గరగా నడ్డి అనే ఊరి వైపు దొరికితే తీసుకోవచ్చా, లేక బజారులోనే ఉండడం మంచిదా?

వెన్నెల వాకిలి:
నడ్డి అయితే బడికి దగ్గరే, ప్రశాంతంగా ఉంటుంది, కానీ సాయంత్రం తిండికి చోట్లు తక్కువ. ఒంటరిగా మొదటిసారి కదా, బజారులోనే తీసుకోండి. ఈసారి నేనూ వచ్చే ఆలోచనలో ఉన్నాను. తేదీలు రాగానే ఇక్కడే రాస్తాను, కుదిరితే ఢిల్లీ నుంచి ఒకే బస్సు ఎక్కుదాం.