బొమ్మల కథను నడిపేది గీతా, గడా?

అబిడ్స్_ఆదివారం:
మొన్న అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కాల్విన్ అనే కుర్రాడు, హాబ్స్ అనే అతని పులి కథలైన కాల్విన్ అండ్ హాబ్స్ బొమ్మల పాత పుస్తకాలు రెండు దొరికాయి. 1992కి ముందు ఆదివారం బొమ్మల్లో గళ్ళన్నీ, అంటే ఒక్కో బొమ్మ చుట్టూ ఉండే చట్రాలన్నీ, కొలత ప్రకారమే. కావాలంటే పై వరస పత్రికవాళ్ళు తీసేసుకునేలా ఉండాలి మరి. ఆ ఏడాది నుంచి వాటిని వేసిన వాటర్‌సన్ అరపేజీని తనకు నచ్చినట్టు పంచుకున్నాడు. గీత అదే, కుర్రాడూ పులీ వాళ్ళే, కథ మాత్రం ఒళ్ళు విరుచుకున్నట్టుంది. నడిపేది గడే అని నా నమ్మకం. మీరేమంటారు?

అంబర్‌పేట_గీతలు:
ఒప్పుకోను. చందమామలో శంకర్ గారి విక్రమార్కుణ్ణి తలుచుకోండి. భుజాన శవం, చేతిలో కత్తి. గళ్ళే లేవు. అయినా చిన్నప్పుడు ఆ బొమ్మ చూశాక దీపం ఆర్పనిచ్చేవాణ్ణి కాదు. బుడుగు పొగరంతా బాపు గారి నాలుగు గీతల్లో వచ్చేయలేదా?

మలక్‌పేట_కుంచె:
అవి కథకు వేసిన బొమ్మలు సార్, బొమ్మల కథలు కావు.

గడి విలువ నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. ఒక వారపత్రికకు నాలుగు గళ్ళ స్ట్రిప్ ఇచ్చాను. ఒకటి: ‘ఎప్పుడొస్తావురా?’ అని అమ్మ ఫోన్లో. రెండు: ‘పండక్కి చూస్తానమ్మా’ అని కొడుకు. మూడోదాంట్లో మాటల్లేవు. అమ్మ, చెవి దగ్గర ఫోను, వెనక ఖాళీ గోడ. నాలుగు: ‘సరేరా, పని చూసుకో.’ ప్రకటనకు చోటు చాలలేదని మూడోది ఎత్తేశారు. చదివినవాళ్ళకు ఆవిడ కొడుకుని వదిలించుకున్నట్టు అనిపించింది. మా అమ్మే ‘నేనలా అంటానా?’ అంది.

తార్నాక_పాఠకురాలు:
అయ్యో. ఆ మూడో గడే కదా కథంతా.

అంబర్‌పేట_గీతలు:
నాలుగో గడిలో అమ్మ మొహం సరిగ్గా పడితే మూడోది లేకపోయినా తెలిసేది. చార్లీ బ్రౌన్ అనే కుర్రాడి స్ట్రిప్ పీనట్స్ చూడండి. చివరి ఏళ్ళలో దాన్ని వేసిన షుల్జ్ చెయ్యి వణికింది, గీతా వణికింది. ఆ వణుకే చార్లీ బ్రౌన్‌కి దిగులు తెచ్చింది. గళ్ళు మారలేదుగా?

మలక్‌పేట_కుంచె:
మారాయి. 1950లో మొదలుపెట్టినప్పుడు నాలుగూ సమానం. అడ్డంగా, నిలువుగా, చదరంగా ఎలా పేర్చుకున్నా సరిపోయేవి. 1988లో ఆ నియమం వదిలేసి ఎక్కువగా మూడు, ఒక్కోసారి ఒక్కటే వేశాడు. తెలుసుకుని మాట్లాడండి.

అంబర్‌పేట_గీతలు:
చందమామ బొమ్మను తీసిపారేసినవాళ్ళా నాకు చెప్పేది?

మలక్‌పేట_కుంచె:
మళ్ళీ చందమామేనా! రెండు గళ్ళ మధ్య తెల్ల సందులో జరిగేది పాఠకుడే పూరించుకుంటాడని, బొమ్మల కథలు ఎలా పనిచేస్తాయో వివరించిన స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లోనే రాశాడు. ఒక్క బొమ్మలో ఆ సందేది? అసలు గడి అంటే మీకెందుకంత మంట?

అంబర్‌పేట_గీతలు:
చెప్తాను. ఆరేళ్ళు ఒక రచయితకు బొమ్మలు వేశాను. ఏ పేజీలో ఎన్ని గళ్ళో, ఎవరు ఎటు చూడాలో అన్నీ ఆయనే రాసి పంపేవాడు. నేను నింపాలి. పుస్తకం మీద ఆయన పేరొక్కటే. గీత ఒక్కటే నాది. అదీ లెక్కలోకి రాదంటే ఇక నేనెవర్ని?

మలక్‌పేట_కుంచె:
అది నాకు తెలియదు సార్. నేను రాసేదీ వేసేదీ నేనే. గడిని గీత నుంచి ఎప్పుడూ వేరుగా చూడలేదు. మీ దగ్గర లాక్కున్నది గడినే కదా. అలాంటప్పుడు అది ఆయనదని మీరే ఎందుకు ఒప్పుకుంటున్నారు?

అబిడ్స్_ఆదివారం:
ఆ పేజీల్లో ఒకటి మీ ఇష్టప్రకారం వేస్తే ఎలా ఉండేది?

అంబర్‌పేట_గీతలు:
కోఠిలో బస్సు కోసం నిలబడ్డ ముసలావిడ. ఆరు గళ్ళు అడిగాడు. నేనైతే పేజీకి అడ్డంగా ఒకే పొడుగు గడి వేసేవాణ్ణి.

మలక్‌పేట_కుంచె:
ఎంతసేపు నిలబడిందో ఎలా తెలుస్తుంది?

అంబర్‌పేట_గీతలు:
చెప్పులు విప్పి వాటిమీదే నిలబడి ఉంటుంది. సంచి కింద పెట్టేసి ఉంటుంది. ఈ రాత్రి వేసి పెడతాను, చూడండి.