న్యూజెర్సీలో మా బావ షాపుకి ఐస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీల శాఖ) ఆఫీసర్లు వస్తే ఏటి చెయ్యాలి?

టెక్కలి బావమరిది: అన్నలూ, ఓ సాయం కావాలి. మా బావకి న్యూజెర్సీలో గ్యాస్ స్టేషను, దాన్నానుకుని చిన్న స్టోరు ఉన్నాయి, పనోళ్ళు ఐదుగురు. పక్క వీధి హోటల్‌కి ఐస్ వాళ్ళు వచ్చారంట, ఆరోజు నుంచి మా అప్పకి నిద్దర్లేదు, మాకు అర్ధరాత్రి ఫోన్లు. అందరికీ కాయితాలు ఉన్నాయంటన్నాడు గానీ ఆళ్ళొస్తే ఏటి మాటాడాలో కౌంటర్లో కుర్రాడికి తెల్దు.

బొబ్బిలి నుంచి: తమ్ముడూ, నేను అక్కడ హెచ్‌ఆర్‌లో తొమ్మిదేళ్ళు చేసి వచ్చేసాను, లాయర్ని కాదు, కాబట్టి ముందు ఓ ఇమ్మిగ్రేషన్ లాయర్ నంబరు కౌంటర్ దగ్గర అంటించమను. స్టోర్లో కస్టమర్లు తిరిగే చోటుకి, పంపుల దగ్గరకి ఎవరైనా రావొచ్చు, ఆఫీసర్లూ రావొచ్చు. వెనక గోడౌను, ఆఫీసు గది వేరు, వాటికి స్టాఫ్‌కి మాత్రమే అని బోర్డు పెట్టి తాళం వెయ్యాలి. ఆళ్ళు కాయితం చూపిస్తే బెదిరిపోకుండా చదవాలి. పైన కోర్టు పేరుండి కింద జడ్జి సంతకం ఉంటే అది కోర్టు వారెంటు, అడ్రసు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అందులో రాసిన చోట్లు చూడనివ్వాలి. ఐ-200 అని ఫారం నంబరుండి, జడ్జి కాకుండా ఇమ్మిగ్రేషన్ ఆఫీసరే సంతకం పెట్టింది ఐతే దాంతో లోపలి గదుల్లోకి రావాలంటే మనం ఒప్పుకోవాలని లాయర్లు చెప్తారు. కుర్రాడికి ఒక్క ముక్క నేర్పండి: ఓనర్ని పిలుస్తాను, లోపలికి రమ్మనే అధికారం నాకు లేదు. అయినా తోసుకుని వచ్చేస్తే చెయ్యి అడ్డం పెట్టకూడదు, ఒప్పుకోలేదని నోటితో చెప్పి, పేర్లు, టైము రాసుకోవడమే.

పాలకొండ కుర్రోడు: ఇదంతా ఎందుకు గురూ, కారు కనపడగానే వెనక తలుపులోంచి పంపీడమే 😀

బొబ్బిలి నుంచి: నవ్వులాట కాదు బాబూ. మనుషుల్ని దాస్తే, దొంగ కాయితం చూపిస్తే ఓనరుకే కేసు. మాటాడకుండా ఉండొచ్చు, అబద్ధం ఆడకూడదు. గ్రీన్ కార్డున్నోళ్ళు 18 దాటితే అది దగ్గర పెట్టుకోవాలని అక్కడ చట్టమే ఉంది, ఇంట్లో బీరువాలో ఉంటే లాభం లేదు.

రాజాం నుంచి: అన్నా, మా చెల్లి హెచ్-1బి. ఆఫీసుకి ఎవరో వచ్చి జీతం, పని అడిగారంట, అదీ ఇదేనా?

బొబ్బిలి నుంచి: కాదమ్మా, అది యూఎస్‌సీఐఎస్ (వీసా, గ్రీన్ కార్డు దరఖాస్తులు చూసే ఆఫీసు) వాళ్ళ సైట్ విజిట్, కంపెనీ వీసా కోసం పెట్టిన పిటిషన్‌లో రాసిన పని నిజంగా చేస్తందా అని చూస్తారు. 2025 జనవరి నుంచి కొత్త రూల్, కంపెనీ సహకరించకపోతే పిటిషనే పోవచ్చు.

టెక్కలి బావమరిది: మరి ఐస్ వాళ్ళు పనోళ్ళ కాయితాలు చూపించమంటే?

బొబ్బిలి నుంచి: అడిగేది ఐ-9 ఫారాలు, అంటే పనోడికి అక్కడ పని చేసే హక్కు ఉందని చూసి ఓనరు నింపి ఉంచేవి. నోటీసు ఇస్తే మామూలుగా మూడు పనిరోజుల టైము ఉంటది, అక్కడికక్కడే ఇచ్చెయ్యక్కర్లేదు. పని మానేసినోళ్ళవీ ఉంచాలి, చేరిన రోజు నుంచి మూడేళ్ళా, మానేసాక ఏడాదా, ఏది తర్వాతొస్తే అంతవరకు. జీతాల ఫైల్లో కలిపెయ్యకుండా విడిగా పెట్టమను.

టెక్కలి బావమరిది: బావ ఇప్పుడే తీసి చూసాడంట, ఒకడి ఐ-9లో సెక్షన్ 2 (డాక్యుమెంట్లు చూసి ఓనరు నింపే భాగం) ఖాళీగా ఉంది 😬 చేరినప్పటి డేటు వేసేస్తే సరిపోద్దా?

బొబ్బిలి నుంచి: వద్దు వద్దు. ఆ కుర్రాడి డాక్యుమెంట్లు ఇప్పుడు చూసి నింపి, ఇవాళ్టి డేటే వేసి, ఎందుకు ఆలస్యమైందో చిన్న కాయితం రాసి దానికి పిన్ చెయ్యమను. లాయర్కి కూడా ఓసారి చూపించమను.

టెక్కలి బావమరిది: సరే అన్నా, ఇప్పుడే ఫోన్ చేస్తన్నాను.