చాయ్ మగ్గులు షోకేసుల పెట్టుడా, రోజు వాడుడా? మీరేమంటరు

మిర్యాలగూడ_కోడలు:
నమస్తే అందరికి. మా ఇంట్ల ఒక పంచాయితి నడుస్తుంది, తెగుతలేదు, జర మీరన్న చెప్పుర్రి. నాకు మగ్గులంటే మస్తు ఇష్టం, కాలేజి చదివేటప్పటి సంది జమ చేస్తున్న. ఎగ్జిబిషన్లల్ల ఖుర్జా మాల్ అని అమ్ముతరు గదా చేత్తోని పూలు గీసినయి, అయి ఉన్నయి, శిల్పారామంల కొన్న జైపూర్ నీలం రంగుయి రెండు, పెండ్లికి వచ్చిన బంగారు గీత కప్పుల సెట్టు, ఫొటోలు కొట్టిచ్చి ఇచ్చినయి, కంపెనీ పేర్లున్నయి, అన్ని కలిపి ముప్పైకి పైనే ఉంటయి. నేనేమో కిచెన్ గోడకు కొండ్లు కొట్టిచ్చి అందేటట్టు తగిలేసి రోజుకొకటి వాడుకుందాం అంట, మా అత్తమ్మ మాత్రం హాల్లున్న అద్దాల బీరువాల పెట్టు, సుట్టాలొస్తె తీద్దాం, రోజు చాయ్‌కి స్టీలు గిలాసలు లెవ్వా అంటది. ఆమె మాట ఉత్తగ తీసేసేది కూడ కాదు, మా బోరు నీళ్లతోని కడిగితె కొన్ని వారాలకే లోపల తెల్లగ పొర కట్టి గరుకు గరుకు అయితున్నయి. వాడాల్నా, దాచాల్నా? కారణం కూడ చెప్పాలె, ఉత్త 'నీ ఇష్టం' అని పోవద్దు.

గడియారం_సెంటర్:
అత్తమ్మదే రైట్. నేను సెంటిమెంటు మాట్లాడుతలేను, లెక్క మాట్లాడుతున్న. మగ్గు అంటే 300, 350 మిల్లీలీటర్లు పడ్తది, మనిండ్లల్ల చాయ్ పోసేది అండ్ల మూడో వంతు. అడుగున ఇంత పోస్తే ఆ మందం గోడలే ముందుగాల వేడంత గుంజుకుంటయి, నోటి కాడికి వచ్చేసరికి చాయ్ సల్లగైతది. ఇరానీ హోటలోళ్లు పిచ్చోళ్లా, అంత చిన్న కప్పు సాసరు ఎందుకు పెట్టిర్రు మరి? మగ్గు అనేది నిండ కాఫీ పోసుకొని కంప్యూటర్ ముందట గంటసేపు కూసునేటోళ్ల సామాను. షోకేసుల పెట్టుకో, చూడ సక్కగుంటయి.

మర్రిగూడ_అన్న:
చెల్లె, ఆ తెల్ల పొర ఫ్లోరైడే. మా దిక్కు మస్తు చూసినం. అయి వాడకు, లోపల పెట్టు.

పాలమూరు_పోరడు:
గడియారం అన్నా, సల్లారుడికి మందుంది. చాయ్ పోసే ముందల మగ్గుల జరంత వేడి నీళ్లు పోసి ఒక తిప్పు తిప్పి పారబొయ్యి, అయిపాయె. చలికాలం పొద్దుగాల సల్లటి మగ్గుల పొయ్యి మీది చాయ్ సీదా పోస్తే ఒక్కోసారి టప్పుమని చీలుతది, అది గూడ తప్పుతది.

ఇగ షోకేసు సంగతి నన్నడుగు. మహబూబ్‌నగర్ల మా పెద్దమ్మోళ్లింట్ల పాత పింగాణి సెట్టు ఉండె, నా చిన్నప్పటి సంది బీరువాలనే, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేటియి, పిల్లగాళ్లం ఆ అద్దం ముట్టినా వీపు చిట్లేది. మొన్న మా అక్క నిశ్చితార్థానికని తీసినం. చూస్తే ఒక్కో కప్పు లోపల గుండ్రంగ మసక గీత, వేలితోని రాస్తే పోదు, సబీనా పెట్టి తోమినా పోదు. ఏందా అని తిప్పి చూస్తే సమజైంది, కప్పు అడుగున మెరుపు లేని గరుకు అంచు ఒకటి ఉంటది గదా, పై కప్పుది ఆ అంచు కింది కప్పు లోపల కూసొని, బీరువా తలుపు తీసి ఏసినప్పుడల్ల కదిలి కదిలి మెరుపంత గీకిపారేసింది. ఒక్క చుక్క చాయ్ పడకముందే పాతయి అయిపోయినయి. దాచుకుంటే పదిలంగ ఉంటయి అనేది ఉత్త మాట. దాచేది ఉంటే నడుమ నడుమ గుడ్డ ముక్కలో కాయితాలో పెట్టి దాచాలె, అంత ఓపిక ఎవరికుంది.

కెమిస్ట్రీ_సారు:
వాడకం సంగతి తర్వాత చెప్తాను గాని మర్రిగూడ అన్న మాట ఒకటి సరిచేయాలి. ఆ తెల్లది ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్ నీళ్లల్లో కంటికి కనబడదు, రుచి తెలియదు, వాసన ఉండదు, అందుకే కదా మన నల్లగొండ జిల్లాలో తరాలకు తరాలు తెలియకుండానే తాగి నడుములు వంగిపోయినయి. కప్పులో పొర కట్టేది కాల్షియం, మెగ్నీషియం, అంటే అవి ఎక్కువగా ఉన్న కఠినమైన బోరు నీళ్లు మరిగినప్పుడు, ఆరినప్పుడు మిగిలే సున్నం లాంటిది. టీ పొడిలో ఉండే వగరు పదార్థం ఆ కాల్షియంతో కలిసి పైన ఇంకో గోధుమ రంగు పొర కడుతుంది, అందుకే బోరు నీళ్ల ఇండ్లల్లో మగ్గులు తొందరగా నల్లబడతాయి.

ఇంకొకటి, మగ్గు బీరువాలో పెట్టి స్టీలు గిలాసలో తాగితే ఫ్లోరైడ్ తగ్గదు, అవే నీళ్లు కదా. మరిగించినా పోదు, నీళ్లు ఆవిరై పోతుంటే ఉన్నది ఇంకా చిక్కనవుతుంది, పైగా టీ ఆకులోనే సహజంగా కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లయితే తాగొద్దు, వండొద్దు. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు, ప్రపంచమంతా పుస్తకాల్లో ఆ పేరుతోనే చదువుతారు, మనం గర్వపడాలో ఏడవాలో తెలియదు. సరే, విషయం దారి తప్పుతున్నది. అమ్మా, మీకు మిషన్ భగీరథ నల్లా ఉంటే చాయ్ ఆ నీళ్లతో పెట్టండి, మగ్గులు ఏ నీళ్లతో తోమినా చివరి కడుగు మాత్రం ఆ నీళ్లతో కడిగి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. గాలికి ఆరబెడితే ప్రతి చుక్క ఆరిన చోట మచ్చ మిగులుతుంది. ఇప్పటికే కట్టిన పొరకు కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, వేడి నీళ్లల్లో చెంచాడు కలిపి మగ్గు నిండా పోసి అరగంట ఉంచండి, సన్నగా బుడగలు వచ్చి పొర విడిపోతుంది. గోధుమ రంగు మరకకు వంట సోడా తడిపి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు. స్టీలు పీచు మాత్రం వద్దు.

హాలియా_అక్క:
సారు చెప్పిన నిమ్మ ఉప్పు మంచిదే గని అన్ని మగ్గులకు కాదు, జర ఆగుర్రి. బంగారు గీత ఉన్నదాన్ని అండ్ల నానబెడితే గీత మసకైతది, అది వట్టి పై పూత. లోపలి దిక్కు గాని పెదవి తగిలే అంచుకు గాని రంగులు ఏసిన పాత చేతిపని కప్పులుంటే అండ్ల నిమ్మ ఉప్పు అసలే పోయొద్దు, కొన్ని పాత మెరుపు పూతల్ల సీసం ఉంటది, ఎర్రటి నారింజ పసుపు రంగులల్ల క్యాడ్మియం ఉండొచ్చు, పులుపు తగిలితే ఆ విషాలు బయటికి వస్తయి. అసొంటి వాటిల నిమ్మకాయ చాయ్ గూడ తాగొద్దు, అయ్యే బీరువాల పెట్టాల్సినయి.

నీ జైపూర్ నీలం రంగుయి గూడ బీరువాకే చెల్లె. అది మామూలు మట్టి కాదు, పలుగురాయి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి కలిపి చేస్తరు, తక్వ మంట మీద కాలుస్తరు, చాలా పెలుసు. అండ్ల పెన్నులో పూలో పెట్టుకోను మంచిగుంటది. నీ ఖుర్జాయి మాత్రం గట్టిగ కాల్చినయైతే రోజు వాడుకోవచ్చు. పరీక్ష చెప్పాల్నా, అడుగున గరుకు భాగం మీద నీళ్ల చుక్క ఏసి చూడు, గుటుక్కున మింగితే సరిగ్గ కాలలేదన్నట్టు, అది నీళ్లు పీల్చుకుంటది, మైక్రోవేవ్‌ల పెడితే చాయ్ కంటే ముందు మగ్గే కాలుతది.

సూర్యాపేట_శాకాహారి:
ఇంకో మాట ఎవరు అడుగుతలేరు. సెట్టుల బోన్ చైనా ఉందా చూసుకుర్రి. అండ్ల నిజంగనే పశువుల బొక్కల బూడిద కలుపుతరు, ఇంగ్లండోళ్లు తయారుచేసిన పాత పద్ధతిల అయితే సగం వరకు బూడిదనే. మా ఇంట్ల పూజ ఉన్న దినం అండ్ల చాయ్ ముట్టం. అడుగున ముద్ర చూడాలె, లైటుకు పట్టి చూస్తే ఎనకున్న చేతి ఏళ్ల నీడ కనబడుతే బోన్ చైనా అంటరు గని మంచి పింగాణి కూడ అట్లనే కనబడ్తది, దాన్ని నమ్మొద్దు. తెల్లగ తేలికగ ఉండే ఓపల్ గాజుయి ఉంటయి చూడు, అండ్ల బొక్కలు గిట్ల ఏమి ఉండయి, అది గాజే.

గడియారం_సెంటర్:
చూసిర్రా, ఒక్క కప్పు చాయ్‌కి సీసం, క్యాడ్మియం, బొక్కలు, నిమ్మ ఉప్పు. స్టీలు గిలాసకు ఈ బాధలేమన్న ఉన్నయా?

చౌటుప్పల్_డ్యూటీ:
ఇంత సేపు చదివిన, అందరు మగ్గు గురించి మాట్లాడిర్రు, ఆ మగ్గులు తోమేది ఎవరు అని ఒక్కరన్న అడగలే. ముప్పై మగ్గులున్న ఇంట్ల గిన్నెలు తోమేటామెకు చాయ్ దేంట్ల పోస్తున్నరు? నేను చూసిన ఇండ్లల్ల ఆమె గిలాస కిటికీల వేరేగ ఉంటది, సొట్టలు పడ్డ స్టీలుది, ఆమెనే కడుక్కొని ఆడనే బోర్లిస్తది. ఊర్లల్ల చాయ్ హోటల్ కాడ దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్ని లొల్లులైనయో మన పెద్దోళ్లను అడుగుర్రి, గాడ బంద్ చేసి ఇంట్లకు తెచ్చుకున్నట్టే ఉంది ఇది. వాడుడా దాచుడా అనేదాని కంటే ఎవరికి తీస్తరు ఎవరికి తియ్యరు అనేదే అసలు పంచాయితి అని నేనంట.

గడియారం_సెంటర్:
ఇగో మొదలైంది. ఆమె మగ్గుల గురించి అడిగింది తమ్మి, దాన్ని తీస్కపోయి ఏడనో కలుపుతున్నవ్. ఎవరి ఇల్లు వాళ్లిష్టం. మా ఇంట్ల డ్రైవర్‌కు గూడ స్టీలు గిలాసనే, నేను తాగేది గూడ స్టీలు గిలాసనే.

చౌటుప్పల్_డ్యూటీ:
నువ్వు తాగినంక నీ గిలాస, ఆయన గిలాస ఒక్క బుట్టలనే పోతున్నయా అన్నా? పోతుంటే నాకేం పేచీ లేదు.

హాలియా_అక్క:
తమ్మి అడిగిన దాంట్ల తప్పేముంది, కొట్లాట ఎందుకు. మా ఇంట్ల పనికి వచ్చేటామె తనకు నచ్చిన మగ్గు తనే కొండి మీదికెళ్లి తీసుకుంటది, ఆకుపచ్చ గీతలది, అది ఇంకెవ్వరు తీసినా ఊకోదు. ఇంకో సంగతి చెప్త, షోకేసుల పెట్టిన సెట్టు కప్పు పగులుతే ముందుగాల తిట్లు పడేది గూడ ఆమెకే, గది గూడ సోంచాయించుర్రి. రోజు వాడే సామాను పగులుతే ఎవ్వరం అంత బాధపడం.

మర్రిగూడ_అన్న:
పగిలినదాని మాట వచ్చింది గాబట్టి అడుగుతున్న, అంచు కొద్దిగ లేచిన కప్పు ఇంట్ల ఉంచొద్దు అంటరు మా అవ్వ. నిజమేనా, ఉత్త నమ్మకమా?

హాలియా_అక్క:
మంచి చెడు నాకు తెల్వదు గని అంచు లేచిందాంట్ల తాగొద్దన్నా, పెదవి కోస్తది, మెరుపు పోయిన చోట మురికి పట్టి ఎంత కడిగినా పోదు. యూట్యూబ్‌ల పగిలిన కప్పును బంగారం రంగు పెట్టి అతికిస్తుంటరు, చూడ బాగుంటది, బజార్ల దొరికే గమ్ముతోని అట్ల చేసినదాంట్ల వేడి చాయ్ తాగుడు మాత్రం వద్దు. కింద ఒక బొక్క ఏసుకొని తులసి నారు పెట్టు.

మిర్యాలగూడ_కోడలు:
అందరికి థాంక్స్, నేను అడిగిన దానికంటే ఎక్వనే చెప్పిర్రు. చౌటుప్పల్ తమ్మి అడిగినదానికి జవాబు, మా ఇంట్ల గూడ కిటికీల గిలాస ఉంది, అది మా అత్తమ్మ పెట్టింది, నేను ఎదురు మాట్లాడలే. ఇయ్యాల చదివి వినిపిచ్చిన, కొద్దిసేపు ఏమనలే, తర్వాత 'నువ్వు నీ మగ్గులు ఎవరికి ఇస్తవో నాకెందుకు, నా పెండ్లి సెట్టు జోలికి మాత్రం రాకు' అన్నది, ఆ బంగారు గీతది నా పెండ్లికి వచ్చింది, ఆమె పెండ్లిది కాదు, అయినా సరే వదిలేసిన.

నేను అనుకున్నది ఇది, ఖుర్జాయి, కంపెనీ పేర్లున్నయి కొండ్లకు తగిలేస్తం, జైపూర్‌యి, బంగారు గీతయి బీరువాల. ఒకటే డౌటు మిగిలింది, మా ఆయన ఫొటో కొట్టిచ్చిన మగ్గు ఉంది, బయట ఒక దిక్కు పూత లేస్తుంది, అది వాడొచ్చా?

కెమిస్ట్రీ_సారు:
ఫొటో మగ్గుకు పైన ప్లాస్టిక్ లాంటి సన్నని పూత వేసి, దాని మీదికి వేడితో రంగు ఎక్కిస్తారమ్మా. కాబట్టి పీచు పెట్టొద్దు, ఎక్కువసేపు నానబెట్టొద్దు, మెత్తటి స్పాంజితో లోపల కడిగి బయట తుడిస్తే చాలు. లేచింది బయటి దిక్కే, పెదవి తగిలే చోటు కాదు అంటే వాడుకోవచ్చు. వేడి పోస్తే బొమ్మ కనబడే నల్ల మగ్గులకు కూడా ఇదే జాగ్రత్త. ఇంకొకటి, కొండికి తగిలేసేటప్పుడు బరువైన మగ్గుల పిడి దగ్గర సన్నని చీలిక ఉందేమో చూడండి, పిడిని విడిగా చేసి అతికిస్తారు కాబట్టి ముందు ఊడేది అక్కడే.

గడియారం_సెంటర్:
సారూ, మీరు ఇన్ని చెప్పిర్రు గని అసలు ప్రశ్నకు మీ ఓటు ఎటో చెప్పలే.

కెమిస్ట్రీ_సారు:
వాడకానికే. కాని మీ స్టీలు గిలాస మీద నాకు ఏ కోపమూ లేదు.

పాలమూరు_పోరడు:
అక్కా, కొండ్లు కొట్టియ్యడానికి ముందు గోడల కరెంటు వైరు ఎటు పోతుందో చూపిచ్చుకో, మా ఇంట్ల డ్రిల్లు పెడితే ఫ్యూజు ఎగిరింది. మొత్తం ఓట్లు చూస్తే వాడుడే గెలిచినట్టు, మర్రిగూడ అన్న ఫ్లోరైడ్ అనుకొని ఏసిన ఓటు తీసేస్తే గడియారం అన్న ఒక్కడే ఉన్నడు అటు.

గడియారం_సెంటర్:
ఒక్కడినే ఎందుకైత, అత్తమ్మ ఓటు లెక్క పెట్టలేదు మీరు.