అధికులమనరాదా, అధికులు మనరాదా? రూట్ లాగిన్ అధ్యాయానికి ఒక పద్యపాదం

తాటాకు
అద్దె సర్వరు మీద సొంత సైటు ప్రచురించుకునే పద్ధతి గురించి తెలుగులో ఒక చిన్న పుస్తకం తయారవుతోంది. సర్వరు మీద సర్వాధికారాలున్న రూట్ ఖాతాతో నేరుగా లోపలికి వెళ్ళకూడదని చెప్పే అధ్యాయం తలమీద వేమన పద్యం పెట్టాలని ఉంది. కానీ మొదటి పాదంలో ఒక్క అక్షరం తేలడం లేదు. "అనువుగాని చోట నధికులమనరాదు" అనా, "అధికులు మనరాదు" అనా? అర్థాలు రెండూ ఈ అధ్యాయానికి అతుకుతున్నాయి, అదే చిక్కు.

శకటరేఫ
అధికులము + అనరాదు. ఉత్వసంధి. "మేం గొప్పవాళ్ళం" అని అనకూడదు. ఇందులో సందేహానికి చోటు లేదు.

అధ్యాయం సంగతికొస్తే, రూట్ తలుపు మూయించడంతో మొదలుపెట్టకండి. అది చివరి మెట్టు. ముందు సర్వరులో మామూలు వాడుకరిని చేసి సుడో హక్కు (కావలసిన ఆజ్ఞను రూట్ అధికారంతో నడిపే వీలు) ఇప్పించాలి. సర్వరులోకి దూరం నుంచి రహస్యంగా ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ పద్ధతి కోసం పాఠకుడి కంప్యూటరులో ఈడీ25519 రకం కీల జత తయారవ్వాలి. ప్రైవేటు కీ పాస్‌ఫ్రేజుతో అక్కడే ఉంటుంది. పబ్లిక్ కీ మాత్రం ఆ కొత్త వాడుకరి హోమ్ ఫోల్డరులోని డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డరులో, ఆథరైజ్డ్ కీస్ అనే ఫైలులో, ఒకే వరుసగా, మధ్యలో విరగకుండా పడాలి. అనుమతులు ఫోల్డరుకు 700, ఫైలుకు 600, అంటే యజమానికి తప్ప ఇంకెవరికీ హక్కు లేకుండా. ఇవి సరిగ్గా ఉన్నా హోమ్ ఫోల్డరు గ్రూపుకు రాతహక్కుతో తెరిచి ఉంటే సర్వరు ఆ కీని లెక్కచేయదు, పాస్‌వర్డు అడుగుతూనే ఉంటుంది. కారణం తెర మీద కనిపించదు, సర్వరు లాగులోనే ఉంటుంది. ఈ మాట పుస్తకంలో తప్పక రాయండి.

గసడదవ
సందేహానికి చోటు లేదనడం తొందర. మను ధాతువును మరిచారు. మనుట అంటే బతకడం, వర్ధిల్లడం. "అధికులు మనరాదు" అంటే తగని చోట గొప్పవాళ్ళు నిలవకూడదని. సర్వరు అమరికల ఫైలులో "పర్మిట్‌రూట్‌లాగిన్" ఎదుట "నో" అని రాయడమంటే సరిగ్గా అదే కదా. రూట్ "నేను గొప్ప" అని అనడం ఎక్కడుంది? తలుపు దగ్గర నిలవకూడదన్నదే అక్కడి నియమం.

ఆటవెలది
ఛందస్సు తీర్పు చెబుతుందని ఎవరైనా ఎదురుచూస్తుంటే, చెప్పదు. అనువు నగణం, గాని, చోట గలాలు, ఆపైన నధికుల నలం, మనరాదు సలం. "ల" బదులు "లు" పెట్టినా అది లఘువే, నలం నలమే. యతి అకారానికి అకారం, "న"లో ఉన్న అచ్చుతో చెల్లింది. రెండు పాఠాలూ (పద్యరూపాలూ) ఆటవెలది ఛందస్సులో నిక్షేపంగా నడుస్తాయి.

శకటరేఫ
గణాలు తేల్చకపోతే అన్వయం తేలుస్తుంది. రెండో పాదం "కొంచెముండుటెల్ల కొదువ గాదు". మూడోది "కొండ యద్దమందు కొంచెమై..." అనే అద్దంలో కొండ. కొండ అద్దంలో నిలవకుండా పోయిందా? నిలిచే ఉంది, చిన్నదై ఉంది. నిలవకూడదని మొదటి పాదం చెప్తే ఈ పోలిక నిలబడదు. గొప్ప చెప్పుకోవద్దు, చిన్నగా ఉండు అంటేనే మూడు పాదాలూ ఒక తాడు మీదికి వస్తాయి.

సర్వరులోనూ ఇంతే. పర్మిట్‌రూట్‌లాగిన్ నో అన్నంత మాత్రాన రూట్ చచ్చిపోదు. బయటినుంచి ఆ పేరుతో వచ్చే దారి మూసుకుంటుంది. మామూలు వాడుకరిగా ప్రవేశించి, అవసరమైన ఒక్క ఆజ్ఞకు సుడో చేర్చుకుంటాం. అధికారం అక్కడే ఉంటుంది, కొంచెమై ఉంటుంది.

గసడదవ
మనుట ఊరికే ఉండటం కాదు, వెలగడం. కొండ అద్దంలో ఉంది, కానీ కొండగా వెలగడం లేదు. కాబట్టి పోలిక నా పాఠంలోనూ నిలుస్తుంది. తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విడదీయాలన్నది చదివినవాడి నిర్ణయం.

శకటరేఫ
ఖాళీ లేకపోవచ్చు, కొమ్ము ఉంటుంది కదా! మీ పాఠానికి లకారం పక్కన కొమ్ము కావాలి. ఆ కొమ్మున్న ప్రతి ఏదో చూపండి. వేమన పద్యాలు సేకరించిన సి.పి. బ్రౌన్ 1829లో 693 పద్యాలు అచ్చువేశాడు, 1839లో ఆ సంఖ్య 1164 అయింది. అక్కడినుంచి వెతుక్కుంటూ రండి.

నుగాగమం
మొదటి పాదాన్ని పీకుతున్నారు గానీ అసలు గొడవ మూడో పాదంలో ఉంది. కొంచెమై అనా, కొంచమై అనా? అచ్చతెలుగు మాటల్లో అకారం ముందు చకారం దంత్యం, ఎకారం ముందు తాలవ్యం. "కొంచమై" అని పెడితే ౘ పలకాలి, నోటికి మాటే మారిపోతుంది. ఇక్కడా ఛందస్సు సాయపడదు, రెండూ రగణాలే.

ౘ అక్షరం యూనికోడ్ 5.1తో 2008లో వచ్చింది. పాత ఫాంట్లలో డబ్బా కనిపిస్తుంది. అందుకని ఆ అక్షరం ఉన్న ఫాంటును సైటుతోపాటే సర్వరుకు ఎక్కించడం మేలు. ఫైళ్ళు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ వాడేవారు ఆస్కీ మోడులో ఫాంటు పంపితే వరుస ముగింపు బైట్లు మారి ఫైలు పాడవుతుంది, బైనరీ మోడులోనే పంపాలి. ఆమాటకొస్తే 21వ పోర్టు మీద నడిచే ఒట్టి ఎఫ్‌టీపీ పాస్‌వర్డును ముసుగు లేకుండా పంపుతుంది. పుస్తకంలో దాన్ని నేర్పవద్దని నా మనవి. 22వ పోర్టులో ఎస్ఎస్‌హెచ్ ముసుగుతో పంపే ఎస్‌ఎఫ్‌టీపీ ఉండగా దానితో పని లేదు.

పొల్లు
నుగాగమం గారు "చె" దగ్గర ఆగారు, ప్రమాదం "మై"లో ఉంది. యూనికోడ్‌లో ఐత్వం (0సీ48) ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం (0సీ46), ఐత్వపు కింది గుర్తు (0సీ56) కలిపి రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా లేదు. మ్యాక్‌లో పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు ఫైలు పేర్లను విడదీసే దాస్తాయి. అక్కడినుంచి "కొంచెమై" అనే పేరున్న పేజీని లినక్స్ సర్వరుకు ఎక్కిస్తే పేరు విడిపోయిన రూపంలో పడుతుంది. లింకులో కలిసిన రూపం ఉంటుంది. ఫలితం 404, అంటే పేజీ దొరకలేదన్న జవాబు. ఫైలు కళ్ళెదుటే ఉంటుంది, బ్రౌజరుకు దొరకదు. ఫైళ్ళను సర్వరుకు ఎక్కించే ఆర్‌సింక్ ప్రోగ్రాములో 3.0 నుంచి ఉన్న ఐకాన్వ్ ఐచ్ఛికంతో పంపేటప్పుడే పేర్లు మార్చుకోవచ్చు. మ్యాక్‌తో పాటు వచ్చిన పాత 2.6.9లో ఆ ఐచ్ఛికం లేదు.

ఆటవెలది
పేర్ల లెక్క ఎలాగూ వచ్చింది కనుక మొదటి పాదాన్నీ కొలుద్దాం. ఖాళీలు లేకుండా "అనువుగానిచోటనధికులమనరాదు" 24 సంకేతాలు, యూటీఎఫ్-8లో 72 బైట్లు. వెబ్ చిరునామాలో శాతం గుర్తులతో విప్పితే 216 అక్షరాలు. గసడదవ గారి కొమ్ము చేర్చితే 25, 75, 225. లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు, అంటే 85 తెలుగు సంకేతాలు. ఒక పాదం పడుతుంది, నాలుగూ కలిపి పెడితే దాటిపోతుంది.

తాటాకు
కొమ్ము బరువు మూడు బైట్లని తెలిసింది, ధన్యవాదాలు. రూట్ తలుపు మూసే క్రమం ఇంకా రాలేదు. అలాగే ఏ పాఠం అచ్చువేయాలో కూడా.

శకటరేఫ
క్రమం ఇదీ. కీతో కొత్త వాడుకరిగా ప్రవేశం కుదిరిందని, సుడో పనిచేస్తోందని చూసుకున్నాకే అమరికల ఫైలు ముట్టాలి. పర్మిట్‌రూట్‌లాగిన్ నో, పాస్‌వర్డ్ఆథెంటికేషన్ నో. తర్వాత సర్వరు వైపు ప్రోగ్రామైన ఎస్ఎస్‌హెచ్‌డీని హైఫన్ టీతో నడిపి ఫైలులో తప్పుల్లేవని తేల్చుకోవాలి. అప్పుడే సేవను రీలోడ్ చేయాలి. ఉబుంటు, డెబియన్‌లలో ఆ సేవ పేరు ఎస్ఎస్‌హెచ్, ఫెడోరాలో ఎస్ఎస్‌హెచ్‌డీ. ఉన్న కిటికీ మూయకుండా రెండో కిటికీలో కొత్తగా ప్రవేశించి చూడాలి. తప్పు జరిగితే మొదటి కిటికీయే దిక్కు.

పాస్‌వర్డు ఇంకా అడుగుతోందంటే అమరికల ఉపఫోల్డరులో క్లౌడ్-ఇనిట్ (అద్దె సర్వరు మొదటిసారి లేచేటప్పుడు అమరికలు చేసే ప్రోగ్రాము) పెట్టిన ఫైలు వెతకండి. ఉబుంటులో ఉపఫోల్డరు ఫైళ్ళను ముందే చదువుతుంది, మొదట కనిపించిన విలువదే గెలుపు. కింద మీరు ఎంత స్పష్టంగా "నో" రాసినా పైన "యెస్" ఉంటే అదే చెల్లుతుంది. మొదటిసారి కలిసేటప్పుడు కనిపించే ఎస్‌హెచ్‌ఏ256 వేలిముద్రను అద్దె సంస్థ కన్సోలులో చూపేదానితో పోల్చాకే "యెస్" అనాలి.

పాఠం "అధికులమనరాదు".

పొల్లు
ఎక్కించేచోట ఒక్క గీత గురించి కూడా రాయండి. ఆర్‌సింక్‌లో మూలం ఫోల్డరు పేరు చివర వాలుగీత పెడితే లోపలి ఫైళ్ళు మాత్రమే వెళ్తాయి. పెట్టకపోతే ఫోల్డరే వెళ్ళి గమ్యంలో ఇంకో అంతరువుగా కూర్చుంటుంది, సైటు ముఖపుట దొరకదు. వాలుగీత పెట్టినప్పుడు డిలీట్ ఐచ్ఛికం కలిస్తే మూలంలో లేని పాత ఫైళ్ళు గమ్యంలో తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే ముందు, నిజంగా పంపకుండా చూపే డ్రై-రన్‌తో జాబితా చూసుకోవాలి. ఎక్కాక ఫోల్డర్లకు 755, ఫైళ్ళకు 644. ఫోల్డరుకు ప్రవేశహక్కు లేకపోతే 403 (అనుమతి లేదన్న జవాబు) వస్తుంది. అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 పెట్టి వదిలించుకోమనే సలహా పుస్తకంలోకి రానివ్వకండి. వెబ్ సర్వరు చదివితే చాలు, రాయనక్కర్లేదు.

గసడదవ
చిన్నగా ఉండాలన్నది అందరికీ సమ్మతమే. కానీ "అనరాదు" అంటే నిషేధం మాట మీద పడుతుంది. సర్వరు మాట వినదు, ఎవరొచ్చారో చూస్తుంది. మను ధాతువు నా దృష్టిలో ఇంకా బతికే ఉంది. కొమ్మున్న ప్రతి కోసం వెతుకుతాను.

నుగాగమం
వెతికేటప్పుడు మూడో పాదం చివర కూడా చూడండి. "కొంచెమై" క్త్వార్థకం (అసమాపక క్రియ), కళ (చివర నకారం చేరని మాట). కనుక యడాగమం (మధ్యలో యకారం చేరడం) వచ్చి "యుండదా" కావాలి. బడి పుస్తకాల్లో "ఉండదా" అని వదిలేస్తున్నారు. తాటాకు గారు ఏది అచ్చువేస్తారు?

తాటాకు
"కొండ యద్దమందు" అని పైన యడాగమం ఉంచి కింద తీసేయడం కుదరదు కదా. మరి "అద్దము నందు" అని విడదీసిన పాఠం ఎక్కడిది?

ఆటవెలది
అది గణాలకు సరిపోదు. కొండ, యద్ద అయ్యాక మూడో సూర్యగణం "మునం" దగ్గర విరిగిపోతుంది. "మందు" అంటేనే గలం.